మొహం తెలిసినవాడు

"గుర్తుపట్టాల్సింది నువ్వేనోయ్ టాప్లీ. ఒకరికి బదులు ఇంకొకరిని చూపించావో, నీ ఉద్యోగానికి నీళ్ళొదులుకో!"

ఇన్‌స్పెక్టర్ గ్రిమ్‌షా గొడుగు కూడా లేకుండా వానలో నిలబడి కేకలేస్తున్నాడు. కెన్సింగ్టన్‌లో ఆ వీధి వీధంతా పోలీసులే. ఎదురుగా తెల్ల మేడలో మిసెస్ పెన్రోజ్ ఉంది. ఆడవాళ్ళకు ఓటు ఇమ్మని ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టి విసిగిపోయి, చివరికి మంత్రుల కిటికీలకు రాళ్ళతోనే అర్జీ పెట్టుకున్న మనిషి. జైల్లో వేస్తే తిండి మానేసింది. ప్రాణం పోయేలా ఉంటే ఇంటికి పంపారు. కాస్త తేరుకుందని తెలియగానే మళ్ళీ పట్టుకు రమ్మన్నారు. కొత్త చట్టం అలాగే ఉంది. పిల్లి ఎలుకను వదిలినట్టే వదిలి పట్టుకుంటుందే, అలా ఉందని జనం దానికి పిల్లీ ఎలుకా చట్టమని పేరు పెట్టారు.

ఆకలికి చిక్కి సగమైన ఆ మనిషికీ, పేపర్లో వేసే పాత ఫోటోకీ ఇప్పుడు పోలికే లేదు. జైలు నుంచి స్ట్రెచర్ మీద ఈ ఇంటికి తెచ్చినప్పుడు పక్కనే కాపలా నడిచినవాడు కానిస్టేబుల్ అంబ్రోస్ టాప్లీ. ఇవాళ అతని కళ్ళకు అంత గిరాకీ అందుకే.

"ఇంకోసారి లోపలేస్తే బతకదంటున్నారు సార్," అన్నాడు టాప్లీ మెల్లగా.

"నువ్వేమైనా డాక్టరువా? జాలిపడ్డానికి జీతమిస్తున్నారా నీకు?"

టాప్లీ మళ్ళీ మేడ వైపు తిరిగాడు. ఇంట్లో భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నారు. ఈ ఉద్యోగం పోతే వాళ్ళకు రేపటి రొట్టె ఉండదు.

మేడ తలుపులు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. పాతికమంది ఆడవాళ్ళు బిలబిలమంటూ మెట్లు దిగారు. వాళ్ళ మధ్యలో నల్ల కోటు, నల్ల మేలిముసుగు వేసుకుని, ఇద్దరి భుజాల మీద వాలిపోతూ నడుస్తోంది ఒక సన్నటి మనిషి.

"అదిగో! పట్టుకోండి!"

పోలీసులు మీదికి ఉరికారు. ఆడవాళ్ళ గౌన్ల మడతల్లోంచి పొట్టి కర్రలు బయటికొచ్చాయి. టీచర్లు, నర్సులు, టోపీలు కుట్టేవాళ్ళు, అందరూ అందినవాణ్ణి అందినట్టు బాదుతున్నారు. కానిస్టేబుళ్ళ టోపీలు బురదలో దొర్లాయి.

"వెనక సందులో ఉన్నవాళ్ళంతా ముందుకి రండి! ఒక్కడూ అక్కడ ఉండొద్దు!" గ్రిమ్‌షా ఈల మీద ఈల ఊదాడు.

చివరికి ముసుగు మనిషిని నలుగురు కలిసి పట్టుకున్నారు. ఒకడు ముసుగు మీద చెయ్యి వేయబోయాడు.

"చెయ్యి తియ్! టాప్లీ, నువ్వు చూడు. నువ్వొక్కడివే."

టాప్లీ వంగి ముసుగు అంచు ఎత్తాడు.

లోపలున్నది వాళ్ళమ్మ.

బ్యాటర్సీలో పాతికేళ్ళు ఊరివాళ్ళ దుప్పట్లు ఉతికి తనను పెంచిన అమ్మ. క్రాయ్‌డన్‌లో చెల్లెలి పురుడని చెప్పి నిన్న ఇల్లు కదిలిన అమ్మ. పెదవి చిట్లి రక్తం కారుతోంది. కళ్ళు మాత్రం నిప్పుకణికలు.

"నోరు జారావంటే తోలు తీస్తా ఒరేయ్," అంది గొంతు తగ్గించి. "ఆవిడ మళ్ళీ లోపలికెళ్తే చచ్చిపోతుంది. నేను చావన్లే, పొద్దున కడుపు నిండా తినే వచ్చాను."

"అమ్మా, నా ఉద్యోగం..."

"నిన్ను సాకినదాన్ని, నీ పిల్లల్ని సాకలేనా? చెప్పు!"

భయం ఎటు పోయిందో గానీ టాప్లీ ఛాతీ పొంగిపోయింది. ఈవిడా మా అమ్మ! వీధి వీధంతా వినేలా అరిచి చెప్పాలనిపించింది. ముసుగు జాగ్రత్తగా దించాడు.

"ఈవిడే సార్. మిసెస్ పెన్రోజ్."

"ఇంకేం, పని అయిపోయింది. అందరూ స్టేషన్‌కి పదండి!" అన్నాడు గ్రిమ్‌షా.

అరగంటలో వీధి ఖాళీ అయింది.

స్టేషన్‌లో జైలు నుంచి వచ్చిన వార్డరమ్మ ముసుగు తీసి చూసి, "ఈ ముసల్ది ఎవత్తి?" అంది. సూపరింటెండెంట్ మొహం కందగడ్డ అయింది.

"ఎవతెవే నువ్వు?"

"ఓటు లేని ఆడదాన్ని బాబూ. పన్ను వేసేటప్పుడు తప్ప నా పేరు ఎవరిక్కావాలి?"

ఆమెను లోపలికి తోశారు. తల ఎత్తుకునే వెళ్ళింది. సూపరింటెండెంట్ బల్ల గుద్దాడు.

"గుర్తుపట్టిన మొనగాడెవడు?"

టాప్లీ ముందుకు అడుగు వేశాడు. అంతలో గ్రిమ్‌షా అడ్డొచ్చాడు.

"నేనూ చూశాను సార్. నేనే సరేనన్నాను. తప్పు నాది."

తిట్లన్నీ ఆయనే తిన్నాడు. ప్రమోషన్ పోయింది. ఆ మాట అక్కడికక్కడే చెప్పేశారు. ఆయన టోపీ పెట్టుకుని, "రావోయ్ టాప్లీ, ఇల్లు దగ్గరే. మా ఆవిడ టీ పెట్టి ఉంటుంది," అని బయటికి నడిచాడు.

దారిలో టాప్లీ ఇక ఆగలేకపోయాడు.

"సార్, ఆవిడ మా అమ్మ."

"తెలుసులే. ఆ ముక్కు నీకూ ఉందిగా."

"మరి ఎందుకూరుకున్నారు సార్? ప్రమోషన్ ఎందుకు పోగొట్టుకున్నారు?"

గ్రిమ్‌షా తన ఇంటి మెట్లెక్కాడు. తాళం తిప్పి, బూట్లు తుడుచుకుని, వంటింటి తలుపు తోశాడు.

లోపల వేడివేడి పాలు ఊదుకుంటూ తాగుతోంది మిసెస్ పెన్రోజ్.