అప్పడు కట్టిన వేషం

"రాణి వేషం. నా కళ్ళతో చూశాను," అన్నాడు కరుప్పయ్య.

"కాదు లా, దయ్యం," అన్నాడు దేవరాజన్, ఇక్కడి యాసలో మాట చివర 'లా' తగిలించి. "మొహం నిండా బియ్యప్పిండి పూసుకుని వచ్చాడు. నేను జడుసుకుని మా అమ్మ వెనక దాక్కున్నాను."

మోహనప్రియ పెన్ను పక్కన పెట్టేసింది. బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో ఆ కాఫీ కొట్టుకొచ్చి గంటయింది. డెబ్బై దాటిన ఈ ఇద్దరూ ఒక్క మాట మీదికి రావడం లేదు.

అరవై ఏళ్ళ కిందట తెలుగు నాటకాలు రాసి, రబ్బరు తోటలన్నీ తిరిగి ఆడించిన అప్పడు ఆమెకు చిన్నతాత. అమ్మమ్మ మరిడమ్మకు తమ్ముడు. ఆ నాటకాల పుస్తకం రేపు అచ్చుకి వెళ్ళాలి. రచయిత పరిచయంలో ఒక్క వాక్యమే మిగిలింది: ఆయన ఏ వేషాలు వేసేవాడు?

యూనివర్సిటీలో ఆమె పరిశోధనా ఇలాంటిదే. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఒక ఇంగ్లీషు నాటకకర్త తన నాటకాల్లో దయ్యంగా వేశాడంటారు, ముసలి నౌకరుగా వేశాడంటారు. ఆయన్ని చూసినవాళ్ళు లేరు కనక సరే. ఇక్కడ చూసినవాళ్ళే కొట్టుకుంటున్నారు!

"గొంతు ఎలా ఉండేది తాతా?"

"సన్నగా. అందుకే రాణి," అన్నాడు కరుప్పయ్య.

"దయ్యం గొంతూ సన్నగానే ఉంటుంది," అన్నాడు దేవరాజన్.

"వేషం తీశాక చూశారా?"

"ఎక్కడ? ఆట అవగానే లారీ ఎక్కేసేవాడు," అన్నాడు దేవరాజన్.

మోహనప్రియ తల పట్టుకుని ఇంటికొచ్చింది. మరిడమ్మ మునగాకు దూస్తోంది.

"అమ్మమ్మా, చిన్నతాత వేసింది రాణి వేషమా, దయ్యం వేషమా?"

"ఆడు ఏ ఏసమూ ఏయనేదు."

"వాళ్ళిద్దరూ చూశామంటున్నారు!"

"సూసే ఉంటారు. అబద్దాలాడే మనుసులు కారు."

"చూశారంటావు, వేయలేదంటావు. నేనేం రాయను?"

"ఏటీ రాయకు."

"ఎలా అమ్మమ్మా? అట్ట మీద ఆయన పేరు వేస్తున్నాం."

మరిడమ్మ చేతులు ఆగిపోయాయి. "అట్ట మీద ఆడి పేరా?"

"ఇంకెవరి పేరు వేస్తారు?"

మరిడమ్మ మునగాకు పక్కన పెట్టింది. ఒళ్ళో పడిన ఆకులు దులుపుకుంది.

"మా తమ్ముడు ఆరేళ్ళకే జొరమొచ్చి పోయినాడు, ప్రియా."

"ఆరేళ్ళకా!" మోహనప్రియకు ఏమీ అర్థం కాలేదు. "మరి ఆ నాటకాలు రాసిందెవరు? తోటలన్నీ తిరిగిన ఆ అప్పడు ఎవరు?"

"రాసింది నానే. అప్పడి ఏసం కట్టింది నానే."