డబ్బాలో రెండు పేర్లు

"సంచి డిక్కిల పెడత, ఇయ్యుండ్రి సార్."

"వద్దండి. ఒళ్లోనే ఉంచుకుంటాను."

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కారెక్కిన పెద్దమనిషి ఆ మాట అనగానే డ్రైవర్ వీరేశానికి అనుమానం వచ్చింది. కిందటేడు ఇలాగే ఒక ప్యాసింజర్ కారులో సంచి వదిలి మాయమయ్యాడు. అందులో గంజాయి దొరికింది. మూడు నెలలు కారు పోలీస్ స్టేషన్ ఆవరణలో ఎండకి ఎండింది, వానకి తడిసింది. ఆ మూడు నెలలూ భార్య కిష్టమ్మ నిజాంపేటలో హాస్టల్ అంట్లు తోమింది. మళ్ళీ అలాంటిదే జరిగితే కారు దక్కదు. కారు లేకపోతే వీరేశానికి ఇంకేమీ లేదు.

పెద్దమనిషి పేరు చలపతిరావు. పొద్దున సింగపూర్ నుంచి దిగాడు. రాజమండ్రి విమానం నాలుగున్నరకి. మధ్యలో ఏడు గంటలు ఖాళీ.

"హైటెక్ సిటీల మీవోళ్ళు ఎవలన్న ఉన్నరా సార్?"

"ఎవరూ లేరండి. ఒక డబ్బా వెతకాలి."

వీరేశం అద్దంలోంచి చూశాడు. ఆయన నవ్వడం లేదు.

అదొక ఆటట. పేరు జియోక్యాషింగ్. ఎవరో ఊళ్లో ఎక్కడో చిన్న డబ్బా దాచి, ఆ చోటు గుర్తులు ఇంటర్నెట్‌లో పెడతారు. మిగతావాళ్ళు ఫోన్ చూసుకుంటూ వెళ్ళి దాన్ని పట్టుకోవాలి. లోపలి కాగితం మీద పేరు రాసి, డబ్బాని మళ్ళీ అక్కడే పెట్టేయాలి.

"దొరికితే ఏమిస్తరు?"

"ఏమీ ఇవ్వరండి. కావాలంటే మనమే చిన్న వస్తువేదో అందులో పెట్టి రావచ్చు. స్వయంగా వచ్చినవాళ్ళే పేరు రాయాలి. దాంట్లో మాత్రం మోసం చెయ్యకూడదు."

వీరేశానికి ఇదేమీ ఆటలా తోచలేదు. ఒకడు సరుకు దాస్తాడు, ఫోన్లో జాగా చెబుతాడు, ఇంకొకడు వచ్చి తీసుకుపోతాడు. స్టేషన్లో ఎస్సై తనకి విడమరిచి చెప్పింది అచ్చం ఇదే.

"ఈ ఆట మా ఆవిడదండి. రాజరాజేశ్వరిది," అన్నాడు చలపతిరావు. "ఇక్కడి డబ్బా కోసం రెండుసార్లు వెతికింది. దొరకలేదు. రెండుసార్లూ విమానానికి టైమవుతోందని నేనే చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. ఇంకో పావుగంట ఆగితే నా సొమ్మేం పోయేది?"

"మరి మేడం రాలే?"

"వచ్చింది. కలిసే వెళ్తున్నాం రాజమండ్రికి."

భార్యని ఎయిర్‌పోర్టులో ఒంటరిగా కూర్చోబెట్టి వచ్చాడన్నమాట. మనిషి చూస్తే మర్యాదస్తుడిలా ఉన్నాడు. కిందటేడు సంచి వదిలినవాడూ అలాగే ఉన్నాడు.

గచ్చిబౌలి దాటుతుండగా ఆయన ఫోన్ మోగింది. ఊళ్లోనే ఉండే బంధువుల అమ్మాయెవరో.

"లేదమ్మా ప్రవీణా, మీ ఇంటికి రాను. ఇది చేతిలో ఉండగా ఇంట్లో అడుగు పెట్టకూడదు. నీకు తెలీదా ఏమిటి?"

ఇంట్లోకి తీసుకెళ్ళకూడనిది తన కారులోకి మాత్రం ఎక్కింది. పోలీసులకి ఫోన్ చేద్దామా అనుకున్నాడు వీరేశం. తన అనుమానం తప్పయితే ఆయన క్యాబ్ కంపెనీకి ఫిర్యాదు చేస్తాడు, అప్పుడూ ఉపాధి పోతుంది. నోరు మూసుకుని నడిపాడు.

అద్దాల మేడల వెనక, ఎవరూ పగలగొట్టకుండా మిగిలిపోయిన నాలుగు బండరాళ్ళు, ఒక వేపచెట్టు. కాస్త దూరంలో మెడలో ఐడీ కార్డులతో కుర్రకారు టీ తాగుతోంది. చలపతిరావు అటూ ఇటూ చూశాడు. పక్కనే చదునుగా, శుభ్రంగా బండ ఉంది. సంచి దాని మీద పెట్టలేదు. వేపకొమ్మకి తగిలించి, రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

తర్వాత మోకాళ్ళ మీద కూలబడి వెతకడం మొదలుపెట్టాడు. రెండు గంటలు గడిచాయి. ప్యాంటు చిరిగింది. వేళ్ళు చెక్కుకుపోయాయి. రెండు దాటింది.

"సార్, టైం అయితుంది. ఇగ పోవాలె."

"ఈసారి నేను కదలనండి. విమానం పోతే పోనీ."

ఆ గొంతు విని వీరేశానికి జాలేసింది. జాలిపడినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

చివరికి ఒక రాతి నెర్రెలోకి భుజం దాకా చెయ్యి పెట్టి, చలపతిరావు తుప్పు పట్టిన చిన్న డబ్బా లాగాడు. దాన్ని గుండెకి ఆనించుకుని ఏడ్చాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, లోపలి కాగితం మీద పేర్లు రాశాడు. జేబులోంచి చిన్న పొట్లం తీసి డబ్బాలో పెట్టాడు.

పొట్లం కంటపడగానే వీరేశం ఆగలేకపోయాడు. డబ్బా లాక్కుని పొట్లం విప్పాడు. సగం వాడిన బొట్టుబిళ్ళల అట్ట. కాగితం చూశాడు. చివర చలపతిరావు పేరు, దాని పైన రాజరాజేశ్వరి పేరు.

"మేడం ఈడికి రాలే గద సార్. వచ్చినోళ్ళే రాయాలంటిరి. గిది మోసం గాదా?"

చలపతిరావు కొమ్మ వైపు చూశాడు. వీరేశమూ అటే చూశాడు. రెండంగల్లో వెళ్ళి సంచి అందుకున్నాడు. లోపల గట్టిగా, గుండ్రంగా ఏదో ఉంది. దాని మూతికి గుడ్డ కట్టి ఉంది.

"దీన్ల ఏమున్నదో నాకిప్పుడే తెల్వాలె. మల్ల స్టేషన్ చుట్టు తిరిగే ఓపిక నాకు లేదు సార్. నా పెండ్లాం చేతులు చూస్తే మీకు తెలుస్తది."

ముడి విప్పడానికి సంచి నేల మీద పెట్టబోయాడు. చలపతిరావు రెండు చేతులూ చాచి, రాళ్ళ మీద పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చాడు.

"కింద పెట్టకండి బాబూ, గోదావరిలో కలిపేదాకా మా ఆవిడ అస్థికలు నేలకి తగలకూడదు."