వైర్‌లెస్ వీరుడు

సౌదీలోని తాయిఫ్‌లో మా గోదాము గేటు ముందు లారీ టైరు పేలింది. కాపలా కాయాల్సిన నేను బల్ల కిందికి దూరాను. ఒకప్పుడు మన ఆర్మీలో, మంచుకొండల మీద గుండ్ల వర్షంలో వైర్‌లెస్ నడిపిన వీరుణ్ని మరి.

ఆ సాయంత్రం జగిత్యాలలో ఉన్న నా భార్య పుష్పకు ఫోన్ చేసి, వీడియోలో చూసిన కొత్త వైద్యం గురించి గొప్పగా చెప్పాను.

"అమెరికాల నాసొంటి సిపాయిలకు ఏదో మత్తుమందు ఇచ్చి చూస్తుండ్రట. అది దిగేదాకా డాక్టర్లు పక్కనే కూసొని, యుద్ధంల ఏమైందో సిపాయి చెప్తుంటే ఇంటరట. ఈడ గూడ ఉంటే నేనెప్పుడో మంచిగయ్యేటోణ్ని."

"గసగసాలు తెచ్చినా జైల్లేసే దేశంల నీకు మత్తుమందు ఎవడిస్తడు?" అని నవ్వింది. మళ్లీ తనే అంది: "మందు నా తాన లేదు. ఇనుడైతే వస్తది. చెప్పు, ఆ కొండ మీద ఏమైంది?"

ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదని నేను లోలోపల అలిగిన ప్రశ్న అది.

"సిగ్నల్ పోతాంది పుష్పా" అని పెట్టేశాను.

మంచు తుపానులో కూడా సిగ్నల్ పోనివ్వని వాణ్ని. ఫోన్‌లో గీతలన్నీ నిండుగానే ఉన్నాయి.