తోడికోడళ్ళ మధ్య ఖాళీ

దగ్గరికి జరగండి, ఇది గట్టిగా చెప్పే సంగతి కాదు.

ఏళ్ళ తరబడి ఎడమొహం పెడమొహంగా ఉన్న తోడికోడళ్ళిద్దరూ వీధివాళ్ళు డోలు దెబ్బకు ఆడే ఆటలో పక్కపక్కన పడ్డారు. గుండ్రంగా నిలబడి అందరూ చేతులు పట్టుకున్నారు, వాళ్ళిద్దరు తప్ప.

"చేతులన్నీ కలిస్తేనే దెబ్బ పడేది," అని డోలు తాత పుల్ల ఎత్తి ఆపాడు.

"ఒక్కనాడైనా తనంతట తాను చెయ్యి చాచిందా?" అంటూ పెద్దామె ఇంటిముఖం పట్టింది.

వెనకనుంచి చిన్నామె ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు వణుకుతున్నాయి.

"ఇంత పొగరున్నదానివి, వణుకెందుకే?"

"అత్తయ్య పోయినరోజు పట్టుకుంటే విదిలించేశావు కదక్కా. మళ్ళీ విదిలిస్తావేమోనని."

ఆనాడు ఏడుపులో దులిపేసుకున్న చెయ్యి పెద్దామెకు ఇప్పుడు గుర్తొచ్చింది. అది ఎవరిదో చూడనైనా లేదు.

పట్టు బిగించింది. "కొట్టు తాతా."

గుర్తుంచుకోండమ్మా. చేతులు ముడుచుకు కూర్చున్నవాళ్ళు కనబడితే ఈ కథ చెప్పండి.