విల్ఫ్ వైపు

"మెట్ల మలుపులో మీ ఆయన శవపేటిక ఇరుక్కుపోతుందమ్మా. మంచం జరిపితే నేలలో తలుపుంటుంది, అందులోంచి దించుతాం," అన్నాడు అంత్యక్రియలు జరిపించే క్లెమెంట్.

"అది మంచాలు మేడెక్కించడానికని చెప్పాడే మా ఆయన!" అంది మేబెల్.

"మంచాలూ ఎక్కిస్తారు. పెట్టింది మాత్రం శవాల కోసమే. ఈ పాత చెక్క ఇళ్ళన్నిటికీ ఉంటుంది. వాళ్ళ నాన్నని ఇందులోంచే దించినప్పుడు తాడు పట్టింది మీ ఆయన విల్ఫే."

మంచం జరిపారు. తలుపు సరిగ్గా విల్ఫ్ పడుకునే చోటి కింద ఉంది. కిటికీ పక్కనున్న ఆ చోట తను పడుకుంటానని ఆమె ఎన్నేళ్ళు పోరినా, అతను ఇవ్వలేదు.

పేటిక తాళ్ళ మీద కిందికి దిగింది. మేబెల్‌కి ఏడుపు రాలేదు.

"మంచం ఎప్పట్లాగే వేసెయ్యమంటారా?" అడిగాడు క్లెమెంట్.

"కొంచెం అటు జరపండి," అంది. "నా వైపు ఆ తలుపు మీదికి రావాలి."