డ్యూటీ దిగిన త్రినాధరావు

“ఏటి మావా, మళ్లీ తూలిపోతన్నావు? లెగు!” దేముడమ్మ మొగుడి మొహాన నీళ్లు చిలకరించింది.

ముప్ఫై ఏళ్లు ఫ్యాక్టరీలో నైట్ వాచ్‌మన్‌గా చేసి, పోయిన నెలే రిటైరయ్యాడు త్రినాధరావు. రాత్రంతా మేలుకుని ఉంటాడు, పొద్దెక్కగానే జోగుతాడు. పగలు పడుకోనివ్వకపోతే రాత్రి నిద్ర అదే వస్తుందన్నాడు అనకాపల్లి డాక్టరు.

“డూటీ దిగిపోయేవని నీ కళ్లకి సెప్పనేదేటి?” చింతపండు పిక్కలు తీస్తూ నవ్విందామె.

“నవ్వవే. నీకేటి, రాత్రి అటు తిరిగి హాయిగా తొంగుంటావు.”

దేముడమ్మ చేతులు ఆగాయి.

“ఎక్కడ తొంగుంటన్నాను? ఇన్నేళ్లూ రాత్రిళ్లు ఒక్కదాన్నే పడుకున్నాను కదా. ఇప్పుడు పక్కన మడిసి కదిల్తే సాలు, ఉలిక్కిపడతన్నాను. నువ్వు బెంగెట్టుకుంటావని ఊరికే కళ్లు మూసుకుంటన్నాను.”

త్రినాధరావు ఆమె మొహంలోకి చూశాడు. కళ్ల కింద నలుపు అప్పుడు కనిపించింది. ఆ ఉద్యోగం తనొక్కడే చేశాననుకున్నాడు ఇన్నాళ్లూ.

లేచి చాప పరిచాడు. “కాసేపు తొంగో. నేను కూకుంటాను.”

“డాక్టరు వద్దన్నాడుగా?”

“నన్ను వద్దన్నాడు. నిన్ను అన్నాడేటి?”

నవ్వుతూనే పడుకుంది, నవ్వుతూనే నిద్రపోయింది.

మధ్యాహ్నం దాకా ఆమెకి విసనకర్రతో విసురుతూ కూర్చున్న త్రినాధరావుకి ఆ పూట ఒక్క కునుకూ రాలేదు.