బోర్లించిన తొట్టి

డెంగీ రాకుండా ఇంటింటా నిలవనీళ్లు పారబోయించే ఆమెను వీధంతా దోమలక్క అంటుంది. "కుట్టేవి అవి, పేరు మాత్రం నాకు!" అని నవ్వుతుంది ఆమె.

చివరింటి యజమాని వచ్చి తాళంచెవి ఇచ్చేసరికి చీకటి పడింది.

"ఖాళీ ఇంట్లో నీళ్లెక్కడివమ్మా? కుళాయి కూడా తీయించేశాను."

"ఓసారి చూస్తే పోయేదేముందండీ!"

కిందటి వానాకాలం ఆ ఇంట్లో అద్దెకున్న తల్లీ, ఇద్దరు పిల్లలూ అదే జ్వరంతో ఒకరి వెనక ఒకరు పోయారు. పెరట్లో వాళ్ల ప్లాస్టిక్ తొట్టిని పోయినవారం తనే బోర్లించి వెళ్లింది.

గది దాటి పెరట్లోకి టార్చి వేసింది. తొట్టి వెల్లకిలా ఉంది. అంచుదాకా నీళ్లు. వాన పడి నెల దాటింది.

వంగి చూసింది. తేటనీళ్లలో దోమ పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. చుట్టూ మాత్రం ఒక్క దోమ రొద లేదు. పని పనే కదా అనుకుని రెండు చేతులతో అంచు పట్టుకుంది.

వెనక, ఇప్పుడే తను దాటి వచ్చిన గదిలోంచి, ఒక ఆడగొంతు గుసగుసగా వినిపించింది.

"కదపకక్కా. పిల్లలు ఇప్పుడే పడుకున్నారు."

తొట్టిలో మెలికలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.